ఫిర్యాదులన్నీ యశోదకేనా?

బమ్మెర పోతన గారి భాగవతం మీరు చదివే ఉంటారు. చదవకపోయినా హరికథల్లో వినో, సినిమాల్లో చూసో ఉంటారు. గోపికలంతా వరసకట్టి వచ్చి చిన్నికృష్ణుడి మీద చాడీలు చెబుతారు కదా! మా ఇంట్లో పాలు తాగాడనీ, వెన్న దొంగిలించాడనీ. ఎవరికి చెబుతారు? యశోదకి! అదే ఇంట్లో నందుడు కూడా ఉన్నాడు. ఊరికి పెద్ద కూడాను. ఆయన్ను నిలదీయాలని మాత్రం ఎవరికీ తోచినట్టు లేదు.

మూడేళ్ళ పాటు మా కాటారంలో నేను ఆ యశోదనే. కాకపోతే ఆవిడ దగ్గరికి వచ్చినవాళ్ళు మురిపెంగా వచ్చారు, నా దగ్గరికి వచ్చినవాళ్ళు కోపంగా వచ్చారు.

మావాడికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. ఆరో ఏటి నుంచీ ఏం చెప్పినా దానికి ఎదురే. ఇదేం వింత, ఏ పిల్లలు చెప్పిన మాట వింటారు అంటారా? నేనూ అలాగే సరిపెట్టుకున్నాను. కానీ చెప్పులు వేసుకోమన్నందుకు వాటిని తీసుకుపోయి రోడ్డు మీద ఇసుక లారీల కిందికి విసిరే పిల్లాణ్ణి చూశారా? చెల్లెలు కష్టపడి ముగ్గు వేస్తే దాని మీద చెంబుడు నీళ్ళు కుమ్మరించి, నేను ఏమంటానా అని నా మొహంలోకి చూసే పిల్లాణ్ణి? గాజు గ్లాసు తనే పగలగొట్టి, "నువ్వే పగలగొట్టించినవ్" అని నాతోనే వాదానికి దిగే పిల్లాణ్ణి? అది ఒకరోజో రెండ్రోజులో కాదు, నెలల తరబడి.

మా అత్తమ్మ మొదట్లో, "మొగపోరడు గట్లనే ఉంటడు బిడ్డా, పెద్దగైతె వాడే సక్కగైతడు" అంది. తర్వాత తాయెత్తు కట్టించింది. ఆ తర్వాత మేడారం సమ్మక్కకి నిలువెత్తు బంగారం మొక్కింది. జాతరలో వాణ్ణి తక్కెడలో కూర్చోబెట్టి బెల్లం తూయడానికి నేను పడ్డ పాట్లు తల్లులకే తెలియాలి. ఆమె మొక్కుని నేను నవ్వులాటగా చెప్పడం లేదు సుమండీ. ఇంట్లో ఈ బాధ నాదొక్కదానిదే కాదని నాకు తెలిసింది అప్పుడే. ఇరుగుపొరుగువాళ్ళు మాత్రం ఒకటే మాట. తల్లి గారాబం! అదే నోటితో ఇంకోరోజు, తల్లి కొట్టి కొట్టి మొండిని చేసింది! వాడు చదివే ప్రైవేటు బడివాళ్ళు టి.సి. తీసుకుపొమ్మన్నారు. మావారికి ఎరువుల దుకాణం, సీజనులో ఇంటికి వచ్చేసరికి రాత్రి పది. "నువ్వే ఇంట్లో ఉంటవ్ గదా, జర చూస్కోరాదు" అనేవారు.

నేను డిగ్రీ చదివాను, కథలు రాస్తాను. నా కథల్లో అల్లరి పిల్లలందరూ చివరి పేరాకి బుద్ధిమంతులైపోతారు. మావాడు కాలేదు.

ఒకరోజు అట్లకాడతో కొట్టాను. ముంజేతి మీద వాత తేలింది. వాడు ఏడవలేదు. "ఇంకా కొట్టు" అన్నాడు. మర్నాడు తెల్లవారుజామున సంచిలో రెండు చీరలు పెట్టుకుని, మంథనిలో మా అమ్మగారింటికి పోదామని బస్సు కోసం నిలబడ్డాను. పిల్లల్ని తీసుకుపోదామని కాదు, వదిలేసి పోదామనే. ఈ సంగతి మావారికి కూడా ఈమధ్యే చెప్పాను.

బస్సు ఆలస్యమైంది. పాలప్యాకెట్టు కోసం వచ్చిన మా వీధి టైలరమ్మ నన్నూ సంచినీ చూసింది. ఎక్కడికని అడగలేదు. "మా పెద్దోడు గిట్లనే ఉండె అక్కా. పా, చాయ్ తాగుదాం" అంది. కుట్టుమిషను పక్కన కూర్చుని గంటసేపు ఏడ్చాను. వాడు ఎందుకలా ఉన్నాడు, నువ్వేం చేశావు అని అడగని మనిషి మూడేళ్ళలో ఆమె ఒక్కతే. వరంగల్‌లో తన కొడుకుని చూపించిన మానసిక వైద్యురాలి పేరు చెప్పింది. "పిల్లగాడు పిచ్చోడని కాదక్కా, మనం పిచ్చోళ్ళం కాకుండ" అంది.

డాక్టరమ్మ వాడి చెవులు సరిగా వినపడుతున్నాయా, నిద్రపోతాడా, చదవడంలో అక్షరాలు తడబడతాయా అన్నీ అడిగింది. తర్వాత నావైపు తిరిగి, "మీరు నిద్రపోతున్నారా?" అంది. దీనికి అపోజిషనల్ డిఫయంట్ డిజార్డర్ అని పేరుందని చెప్పింది. ఎదురు తిరగడమే స్వభావంగా మారిపోయే ఇబ్బంది అన్నమాట. 1980లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలోకి ఎక్కి, 1987లో ఈ పేరు స్థిరపడిందట. ఊరికే చిరాకుపడటం, పెద్దలతో వాదించడం, కావాలని విసిగించడం, తన తప్పు ఇతరుల మీదికి నెట్టడం, కక్ష తీర్చుకోవడం వంటి ఎనిమిది లక్షణాల్లో కనీసం నాలుగు ఆరు నెలల పాటు కనిపించాలి. అదీ తోబుట్టువుల దగ్గరే కాక, తోబుట్టువు కాని కనీసం ఒక్కరి దగ్గరైనా. కాబట్టి అమ్మలూ, హోంవర్కు రాయనన్న ప్రతి పిల్లాడికీ ఈ పేరు మీరే పెట్టేయకండి!

దీనికంటూ ప్రత్యేకంగా మందు లేదు. నిలకడలేనితనం లాంటిది ఇంకేదైనా తోడుగా ఉంటే దానికి మందిస్తారు. అసలు చికిత్స తల్లిదండ్రులకి నేర్పడమేనట. నాకు ఒళ్ళు మండింది. "అంటే తప్పు నాదేననే కదా మేడమ్?" అన్నాను. ఆవిడ నవ్వి, "ఇంట్లో ఒకరికి చక్కెర జబ్బొస్తే వంట మారుస్తాం. అంటే వండినావిడే జబ్బు తెచ్చిందనా?" అంది.

ఆ తర్వాత చెప్పిన సంగతి నాకు బాగా నాటుకుంది. అమెరికాలోని ఓరెగాన్‌లో గెరాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఇళ్ళకే వెళ్ళి, తల్లీపిల్లల మధ్య నడిచే గొడవల్ని పక్కన కూర్చుని గమనించింది. ఆయన 1982లో దాన్ని పుస్తకంగా రాశారు. అందులో సారం మన వంటింటి భాషలో ఇదీ. నేను ఫోను ఇవ్వనంటాను. వాడు అరుస్తాడు. నా తల పగిలిపోయి ఇచ్చేస్తాను. అరిస్తే ఫోను వస్తుందని వాడు నేర్చుకుంటాడు, ఇస్తే గోల ఆగుతుందని నేను నేర్చుకుంటాను. ఇంకోరోజు నేను వాడికంటే గట్టిగా అరుస్తాను, వాడు ఆ పూటకి ఊరుకుంటాడు. అరుపే మందని నాకు రూఢి అవుతుంది. ఇలా ఒకరికొకరం గురువులమై రోజూ ఒక మెట్టు పైకెక్కుతున్నాం. ఇందులో దుర్మార్గులు ఎవరూ లేరు.

మా ఇంట్లో ఈ మెట్లు దిగడం అంత తేలిగ్గా జరగలేదు. రోజుకి పావుగంట వాడు చెప్పిన ఆట వాడు చెప్పినట్టే ఆడాలి, మధ్యలో పాఠాలు చెప్పకూడదు. ఒకసారికి ఒక్కటే పని చెప్పాలి. చేస్తే వెంటనే ఫలానా పని బాగా చేశావని చెప్పాలి. చిన్నచిన్న పెంకితనాలు చూసీ చూడనట్టు వదిలేయాలి. ఫోను అరగంటే అంటే అరగంటే. మొదటి పదిహేను రోజులు వాడి గోల రెట్టింపైంది. అలా అవుతుందని డాక్టరమ్మ ముందే చెప్పి ఉండకపోతే నేను అక్కడే మానేసేదాన్ని. పైగా నేను కాదన్న ఫోను అత్తమ్మ చాటుగా ఇస్తోందని తేలింది! పోట్లాడలేదు, రెండోసారి వరంగల్‌కి ఆమెనూ తీసుకువెళ్ళాను. "నేను మంచికే ఇస్తున్ననుకుంటి గద" అని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇప్పుడు ఫోను ఆమె కొంగుముడిలో ఉంటుంది, అరగంట ఆమే లెక్కపెడుతుంది. తండ్రి రాకుండా మూడోసారి కుదరదని డాక్టరమ్మ అన్నాక, మావారు నిండు సీజనులో ఒకరోజు దుకాణం మూశారు. యశోదకి ఈ భాగ్యం దొరికిందో లేదో!

బడి సంగతి కూడా చెప్పాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యే దాకా పిల్లల్ని బడినుంచి తీసేయకూడదు, కొట్టకూడదు, మాటలతో హింసించకూడదు. ఈ సంగతి తెలియక నేను నోరు మూసుకుని టి.సి. తెచ్చుకున్నాను. మీరు తెచ్చుకోకండి. ఇప్పటి బడిలో టీచరమ్మ వారానికోసారి నోటుపుస్తకం వెనక వాడు చేసిన మంచిపని ఒకటి రాసి పంపుతోంది. మొన్న రాసింది: "ఈరోజు బోర్డు తుడిచాడు."

వరంగల్ దాకా వెళ్ళడానికి ఛార్జీలకి, ఒకరోజు కూలికి వెనకాడే తల్లులు మా చుట్టుపక్కల ఎందరో. వాళ్ళకి ఫోనులోనే సాయం ఉంది. 14416కి చేస్తే చాలు. టెలీ మానస్ పేరుతో 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. పిల్లాడి కోసమే కాదు, మీకోసం కూడా చేయవచ్చు. వరంగల్ ఎం.జి.ఎం. ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మహబూబాబాద్‌లో 2022లో, భూపాలపల్లిలో, జనగామలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి, వాటి ఆస్పత్రుల్లోనూ అడిగి చూడండి.

మావాడు మారిపోయాడా అంటే, పూర్తిగా లేదు. నిన్న కూడా తలుపు దడాలున వేశాడు. కాకపోతే నేను వెంటపడి అరవలేదు, కాసేపటికి వాడే వచ్చి అన్నం పెట్టమన్నాడు. నాకు మరీ అలసట వచ్చినరోజు వాణ్ణి టైలరమ్మ దగ్గర గంటసేపు వదిలి వస్తాను. వాడు అక్కడ గుండీలు ఏరి రంగుల వారీగా సీసాల్లో పోస్తాడట, ఒక్క మాటా ఎదురాడడట! ఆమెకి పని ఎక్కువున్నరోజు ఆమె బిడ్డ మా ఇంట్లో చదువుకుంటుంది.

శనివారం సాయంత్రాలు ఆ కుట్టుమిషను దగ్గర ముగ్గురు తల్లులం కూర్చుంటున్నాం. మొన్న మహదేవపూర్ నుంచి జాకెట్టు కుట్టించుకోడానికి వచ్చినావిడ మా మాటలు వింటూ నిలబడిపోయింది. వాళ్ళ అమ్మాయికి ఏడేళ్ళట. జాకెట్టు అయ్యాక కూడా కదల్లేదు. వచ్చే శనివారం నాలుగింటికి రమ్మన్నాం.