ఎలుక జ్వరం ఎవరి ప్రాణం తీస్తున్నది?

లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా ఎలుక కిడ్నీల్లో తిష్ట వేస్తుంది. ఎలుకకు ఏమీ కాదు. దాని మూత్రం కలిసిన నీళ్లల్లో దిగిన మనిషికి మాత్రం కాళ్ల పగుళ్లు, గాయాల గుండా ఒంట్లోకి చేరుతుంది. జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లెర్రబడడం దాని లక్షణాలు. ముదిరితే కామెర్లు వస్తాయి, కిడ్నీలు చెడి ప్రాణమే పోవచ్చు. మొదట్లోనే గుర్తిస్తే యాంటీబయాటిక్ మందులతో తగ్గే జబ్బే ఇది.

మరి ఆ నీళ్లల్లో దిగేదెవరు? నాట్లేసే కూలీలు, మోరీలు తీసే సఫాయి కార్మికులు. వాళ్ల జ్వరం పాలకులకు పట్టదా?

2018 వరదలప్పుడు కేరళ ప్రభుత్వం నీళ్లల్లో దిగినవాళ్లకు ముందుజాగ్రత్తగా డాక్సీసైక్లిన్ గోలీలు పంచింది. మనసుంటే మార్గముంటది. సఫాయి కార్మికులందరికీ బూట్లు, గ్లౌజులు ఇవ్వాలి. వానకాలం జ్వరమొచ్చిన ప్రతి కూలీకి సర్కారు దవాఖానాలోనే ఈ పరీక్ష చేయాలి. ఇదే మేం అడుగుతున్నది.