గడ్డిపరకల ప్లీడరు

'బోయర్' అంటే డచ్చి భాషలో రైతు. పదిహేడో శతాబ్దంలో ఆఫ్రికా దక్షిణ కొసన దిగి, పశువుల్ని తోలుకుంటూ లోలోపలికి పోయి స్థిరపడిన తెల్లవాళ్లకు చివరికి అదే జాతిపేరయింది. ఆ రైతులు ఏర్పాటు చేసుకున్న ట్రాన్స్‌వాల్ రాజ్యానికి 1898లో ప్రభుత్వ న్యాయవాది కావలసి వచ్చాడు. అధ్యక్షుడు క్రూగర్ ఏరికోరి తెచ్చుకున్న మనిషికి అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు. పేరు యాన్ స్మట్స్.

మనకు తెలిసిన జనరల్ స్మట్స్ వేరు. గాంధీజీని జైలుకు పంపిన తెల్లదొర. అటెన్‌బరో తీసిన 'గాంధీ' సినిమాలోనూ కాసేపు కనిపిస్తాడు. ఆ దొరకి గడ్డి అంటే ప్రాణమని మాత్రం మన పాఠాల్లో ఎక్కడా ఉండదు.

1870 మే 24న కేప్ కాలనీలో, రీబీక్ వెస్ట్ అనే ఊరి దగ్గరి పొలంలో పుట్టాడాయన. పెద్దకొడుక్కి చదువు, చిన్నవాడికి సేద్యం... అక్కడి రైతుల ఇళ్లలో అదీ లెక్క. మన పల్లెల్లోనూ నిన్నమొన్నటి దాకా ఉన్న లెక్కే. స్మట్స్ రెండోవాడు. కాబట్టి బడి లేదు. బాతుల్ని కాయడం, గొర్రెల్ని, ఆవుల్ని మేపడం. ఏ చెట్టు ఎందుకు పనికొస్తుందో, ఏ పురుగు ఎక్కడ దాక్కుంటుందో చెప్పిన మొదటి గురువు నల్లజాతికి చెందిన ఓ ముసలి కాపరి. 1882లో అన్న టైఫాయిడ్‌తో చనిపోయాడు. చదువు వంతు తమ్ముడికి వచ్చింది. పన్నెండేళ్లకు బడిగడప తొక్కిన ఆ కుర్రాడు మరో పన్నెండేళ్లకు కేంబ్రిడ్జిలో న్యాయశాస్త్రం రెండు భాగాలూ ఒకే ఏడాది రాసి, రెండింట్లోనూ మొదటి శ్రేణి తెచ్చుకున్నాడు!

ప్రభుత్వ న్యాయవాదిగా పనిచేసింది కొద్దికాలమే. 1899లో ఇంగ్లీషువాళ్లతో యుద్ధం వచ్చిపడింది. ప్లీడరుగారు తుపాకీ పట్టి గెరిల్లా దళానికి నాయకుడయ్యాడు. యుద్ధం ఓడిపోయారు. తర్వాత రాజకీయాలు, మంత్రి పదవులు, రెండుసార్లు దక్షిణాఫ్రికా ప్రధానమంత్రి పీఠం. ఆ చరిత్రంతా పుస్తకాల నిండా ఉంది. మనం పొలానికి పోదాం.

ప్రిటోరియాకి దగ్గర్లో ఐరీన్ అనే ఊరుంది. అక్కడే డోర్న్‌క్లూఫ్. 'ముళ్ల లోయ' అని అర్థం చెప్పుకోవచ్చు. 1909లో స్మట్స్ కుటుంబం అక్కడ కాపురం పెట్టింది. ఇల్లు కొత్తగా కట్టింది కాదు. యుద్ధకాలంలో ఇంగ్లీషు సైనికాధికారులు భోజనశాలగా వాడుకున్న చెక్కల, రేకుల కట్టడాన్ని మూడొందల పౌన్లకు కొని, విప్పించి, తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టించారు. ఎండాకాలం పొయ్యి, చలికాలం మంచుగడ్డ. దేశాన్ని ఏలే మనిషి ఆ రేకుల ఇంట్లో నలభై ఏళ్లు ఉన్నాడు. పడక వరండాలో ఓ మామూలు మంచం మీద. లండన్‌లో రాజుగారి పక్కన కూర్చుని వచ్చినా, విల్లు దులుపుకున్నట్టు ఆ హోదా అంతా దులిపేసి పొలం గట్ల మీద నడిచేవాడు. పొలం మీద రోజువారీ పెత్తనం చాలావరకు ఇంటి ఇల్లాలు ఇసీది. ఊరంతా ఆమెను 'ఔమా', అంటే అమ్మమ్మా అని పిలిచేది.

ఇక గడ్డి సంగతి. పూలమొక్కల్ని ఎవరైనా ఇష్టపడతారు. స్మట్స్ ఇష్టపడింది గడ్డిని. పశువు బతికేది దానిమీద, మట్టి కొట్టుకుపోకుండా పట్టుకునేది అది. వంగి ఓ పరక తుంచి, పేరు, జాతి, ఏ నేలలో మొలుస్తుందో చెప్పగలిగేవాడు. 1930లో ఇంగ్లండులోని క్యూ ఉద్యానవనం శాస్త్రవేత్త జాన్ హచిన్సన్‌తో కలిసి టాంగన్యీకా సరస్సు దాకా మొక్కలు సేకరిస్తూ పోయాడు. ఒక మేలైన పశుగ్రాసానికి శాస్త్రజ్ఞులు ఆయన పేరే పెట్టారు... డిజిటేరియా స్మట్సీ. 'స్మట్స్ ఫింగర్ గ్రాస్' అంటే ఇప్పటికీ దక్షిణాఫ్రికా పాడిరైతులకు తెలుసు.

నేలను ఇంతగా ప్రేమించిన మనిషికి, అదే నేలలో చెమటోడ్చేవాడి ఆశ అర్థం కావాలి కదా?

ఇక్కడ మనవాళ్ల కథ కలుస్తుంది. 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి కూలీలతో డర్బన్ చేరింది. అది మొదలు 1911 దాకా లక్షా యాభై రెండు వేల మందికి పైగా నేటాల్‌కి వెళ్లారు. విశాఖపట్నం, ఉత్తర ఆర్కాట్ జిల్లాల నుంచి వెళ్లిన తెలుగువాళ్లు అందులో వేలల్లో ఉన్నారు. అయిదేళ్ల ఒప్పందం, చెరకు తోటల్లో చాకిరీ, మొదటి ఏడాది మగవాడికి జీతం నెలకి పది షిల్లింగులు. గడువు తీరాక చాలామంది అక్కడే ఉండిపోయి, డర్బన్ చుట్టూ చెక్కలు కౌలుకి తీసుకుని కూరగాయలు వేశారు. తట్టలు నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మారు. ఆ ఊరికి కూరగాయలు కారుచౌక అయింది వాళ్లవల్లే. తెల్ల వ్యాపారులకు కన్ను కుట్టిందీ అప్పుడే. 1895లో చట్టం చేశారు. ఒప్పందం తీరాక తిరిగి కూలీకి ఒప్పుకోకుండా, దేశానికీ పోకుండా ఉండేవాళ్లు ఏటా మూడు పౌన్ల పన్ను కట్టాలి. అరవై షిల్లింగులు. ఆరు నెలల మొదటి జీతం! ఇంట్లో పదహారు దాటిన కొడుకున్నా, పదమూడు దాటిన కూతురున్నా వాళ్లకీ విడిగా కట్టాలి.

ట్రాన్స్‌వాల్‌లో సంగతి ఇంకా సూటిగా ఉండేది. 1885 నాటి మూడో నంబరు చట్టం ప్రకారం, ప్రభుత్వం కేటాయించిన వాడల్లో తప్ప ఆసియా వాళ్లకు అక్కడ స్థిరాస్తి హక్కు లేదు. యువ ప్రభుత్వ న్యాయవాదికి కుర్చీతోపాటు ఆ చట్టం కూడా వచ్చింది.

గాంధీజీ 1869లో పుట్టారు, స్మట్స్ 1870లో. ఇద్దరూ ఇంగ్లండులో చదివిన న్యాయవాదులే. ఇద్దరికీ పొలం పిచ్చే. ఒకరిది డోర్న్‌క్లూఫ్, ఇంకొకరివి ఫీనిక్స్, టాల్‌స్టాయ్ క్షేత్రాలు. ఎడ్లబండి కాడికి చెరోవైపు కట్టాల్సినవాళ్లు ఏళ్లతరబడి ఎదురెదురుగా నిలబడ్డారు. 1913లో చెరకు తోటల్లో, బొగ్గు గనుల్లో కూలీలు పనులు మానేశాక ప్రభుత్వం దిగొచ్చింది. 1914లో మూడు పౌన్ల పన్ను రద్దయింది. గాంధీజీ ఆ జూలైలో దేశం విడిచిపోతూ జైల్లో తాను స్వయంగా కుట్టిన చెప్పుల జత స్మట్స్‌కి పంపారు. ఆయన వాటిని వేసవుల్లో వేసుకు తిరిగాడు. గాంధీజీకి డెబ్బయ్యేళ్లు నిండిన 1939లో, సర్వేపల్లి రాధాకృష్ణన్ సంపాదకత్వంలో వచ్చిన అభినందన గ్రంథానికి వ్యాసం రాస్తూ, అంతటివాడి చెప్పుల్లో కాలుపెట్టే అర్హత తనకు లేదేమో అన్నాడు. అది మర్యాదకి రాసిన మాట అనిపించదు.

అయినా చట్టం దగ్గరికొచ్చేసరికి మనిషి మారిపోయేవాడు. 1913లో నల్లవాళ్లకు దేశంలో సుమారు ఏడు శాతం భూమి మాత్రమే వదిలిన చట్టం వచ్చినప్పుడు స్మట్స్ మంత్రి. 1946లో భారతీయులు నేటాల్‌లో ఫలానా చోట్ల తప్ప భూమి కొనకూడదు, ఉండకూడదు అన్న చట్టం వచ్చినప్పుడు ప్రధాని ఆయనే. జనం దానికి 'ఘెట్టో చట్టం' అని పేరుపెట్టి మళ్లీ సత్యాగ్రహానికి దిగారు. భారత్ ఆ ఏడే దక్షిణాఫ్రికాతో వర్తకం తెంచుకుంది. గొడవ ఐక్యరాజ్యసమితికి ఎక్కింది. విచిత్రం ఏమిటంటే, మానవ హక్కుల ప్రస్తావన ఉన్న ఆ సమితి పీఠికకు ముందటేడు చిత్తు రాసిచ్చిన చెయ్యి స్మట్స్‌దే. 1946 డిసెంబరు 8న ఓటింగులో భారత్‌ వైపు 32, ఎదుటి వైపు 15. విజయలక్ష్మీ పండిట్ ఆయన దగ్గరికెళ్లి, తన మాటలేవైనా నొప్పించి ఉంటే మన్నించమని అడిగారు. ఇది ఉత్త గెలుపమ్మా, దీనివల్ల వచ్చే ఎన్నికల్లో నేను పోతాను, మీకు ఒరిగేదీ ఉండదు అన్న అర్థం వచ్చేలా ఆయన జవాబిచ్చాడని ఆమె రాసుకున్నారు.

ఆ జోస్యం నిజమైంది. 1948లో పార్టీ ఓడింది, సొంత నియోజకవర్గమూ పోయింది. స్మట్స్ రేకుల ఇంటికి తిరిగొచ్చాడు. కొత్త ప్రభుత్వం 1950లో ఏ జాతివాళ్లు ఎక్కడుండాలో గీతలు గీసే చట్టం తెచ్చింది. కొన్ని వారాలకే, సెప్టెంబరు 11న, డోర్న్‌క్లూఫ్‌లో ఆయన కన్నుమూశాడు. చితాభస్మాన్ని పొలం పక్కనున్న చిన్న గుట్ట మీద, గడ్డిలో చల్లారు.

ఆ చట్టం కింద డర్బన్‌లోని కేటో మేనర్‌ను 1958లో తెల్లవాళ్ల ప్రాంతంగా ప్రకటించారు. అరటి, కూరగాయలు పండించుకుంటున్న భారతీయ కుటుంబాలు మడులు వదిలేసి చాట్స్‌వర్త్ లాంటి కొత్త కాలనీలకు చేరాయి. పెరట్లో నాలుగు మిరపమొక్కలకు చోటు దొరికితే గొప్ప.