ఓటు లేని రైల్వే కూలి (పట్టాల మీద కులం – 4)

పోయిన భాగం చదివి ఓయూ తమ్ముడొకరు అడిగాడు: "అన్నా, అంత పెద్ద యూనియన్లుండి ప్రైవేటీకరణను ఎందుకు ఆపలేకపోతున్నయ్?"

మా మదీనాగూడలో ఒక పెద్దాయన ఉన్నారు. గ్యాంగ్‌మన్‌గా చేరి, ముప్పై ఏళ్ళు యూనియన్ జెండా మోసి, బ్రాంచి నాయకుడిగా రిటైరయ్యారు. బదిలీలు, ప్రమోషన్లు, క్వార్టర్ల రిపేర్లు ఎందరివో చేయించారు. అది చిన్న పని అని నేననను. ఆయన మనవడు ఇప్పుడు ఏసీ బోగీల్లో దుప్పట్లు పంచుతున్నాడు, కాంట్రాక్టరు కింద. తాత యూనియన్‌లో మనవడికి సభ్యత్వం లేదు. ఎందుకని అడిగితే పెద్దాయన ఒక్క ముక్కలో తేల్చేశారు: "వాళ్ళకు ఓటు లేదు గద బిడ్డా."

రైల్వేలో యూనియన్‌కు గుర్తింపు రావాలంటే రహస్య బ్యాలెట్‌లో గెలవాలి. 2007, 2013, 2024లో ఆ ఎన్నికలు జరిగాయి. ఓటు పర్మినెంటు ఉద్యోగులకే. లింగంపల్లి ప్లాట్‌ఫాం ఊడ్చే అక్క ఆ లెక్కలోనే లేదు. ఇక ఆమె కోసం బల్ల గుద్దేదెవరు?

ప్రైవేటీకరణ అంటే మనకు ప్రైవేటు రైలే గుర్తొస్తుంది. 2020లో కేంద్రం 151 ప్రైవేటు రైళ్ళు అంది. 12 క్లస్టర్లలో సికింద్రాబాద్ ఒకటి. పెద్ద ఫెడరేషన్లు రెండూ వ్యతిరేకించాయి, నిజమే. 2021లో బిడ్లు తెరిస్తే ఉన్నది రెండే సంస్థలు: ఐఆర్‌సీటీసీ, మన హైదరాబాద్ మేఘా. పథకం అక్కడే కూలబడింది. దాన్ని ఆపింది జెండాలు కాదు, లాభం కనబడని పెట్టుబడి.

అసలు ప్రైవేటీకరణ అంతకు ఎంతో ముందే చీపురు దగ్గర మొదలైంది. స్టేషన్లు ఊడ్చే పని, బోగీలు కడిగే పని కాంట్రాక్టుకు పోయాయి. పట్టాల మీద మలం ఎత్తే పని ఆపడానికి గడువు పెట్టుకొమ్మని రైల్వేకు సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది, 2014 మార్చి 27న. ఆ కేసు వేసింది సఫాయి కర్మచారీ ఆందోళన్. గుర్తింపు యూనియన్లు కాదు.

పర్మినెంటు ఉద్యోగాల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం. కాంట్రాక్టరు దగ్గర రోస్టర్ లేదు. చీపురు పట్టడానికి మనకు రిజర్వేషన్ ఏనాడూ అక్కర్లేదు, కులమే ఆ పని చూసుకుంటుంది. పోయింది ఆ చీపురు వెంట వచ్చిన పెన్షన్, పాసు, క్వార్టర్, పిల్లల చదువు. హైటెక్ సిటీ టవర్లు ఊడ్చే మన అక్కలదీ ఇదే బతుకు.

1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో అంటరాని కులాల రైల్వే కార్మికుల సభలో బాబాసాహెబ్ ఈ మాటే చెప్పారు. మనవాళ్ళు గ్యాంగ్‌మన్‌గా చేరి గ్యాంగ్‌మన్‌గానే ముగుస్తారు. పోర్టర్ పని కూడా ఇవ్వరు, ఎందుకంటే పోర్టర్ స్టేషన్ మాస్టర్ ఇంట్లో కూడా పని చేయాలి, మనం అడుగుపెడితే ఇల్లు మైలపడుతుంది! కార్మికుడికి పెట్టుబడిదారీ విధానం ఒక శత్రువైతే, బ్రాహ్మణవాదం ఇంకో శత్రువన్నారు. యూనియన్లు మొదటిదాని మీద నినాదాలు రాసుకున్నాయి. రెండోదాని జోలికి పోలేదు.

ఈసారి రైల్వే యూనియన్ వాళ్ళు మీ క్యాంపస్‌కు మద్దతు అడగడానికి వస్తే రెండు ప్రశ్నలు వేయండి. కాంట్రాక్టు కార్మికులకు ఓటు అడుగుతారా? కాంట్రాక్టులో రోస్టర్ అడుగుతారా?

వచ్చే భాగం 1974 మే సమ్మె మీద. ఆ ఇరవై రోజులూ రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది ఒకప్పటి రైల్వే యూనియన్ నాయకుడు, మన వి.వి. గిరి గారే.

జై భీమ్.