రిపోర్టు నాది, తీర్పు వాళ్ళది

2009లో నాకు రెండో కాన్పు. ఏడో నెలలో పొన్నూరులో రక్త పరీక్షలు చేయించుకున్నాను. రిపోర్టు చూసిన నర్సు, "ఏమ్మా, నీతో ఎవరొచ్చారు?" అంది. మా అత్తగారిని లోపలికి పిలిచారు. నేను బయట బల్ల మీదే కూర్చున్నాను. నా రక్తం సంగతి నాకంటే ముందు ఆమెకి, సాయంత్రానికల్లా మా వీధి వీధికీ తెలిసింది. కేసు షీటు మీద ఎర్ర సిరాతో 'హెపటైటిస్ బి పాజిటివ్' అని రాశారు. అదేమిటో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ రాత్రే నా కంచం, గ్లాసు వేరయ్యాయి. పచ్చడి జాడీ ముట్టుకోవద్దన్నారు. కలిసి తింటే ఇది అంటదు. రక్తం వల్ల, సూదుల వల్ల, లైంగిక సంబంధం వల్ల, కాన్పులో తల్లి నుంచి బిడ్డకీ వస్తుంది. "ఎక్కడ తగిలించుకొచ్చావే?" అని నన్ను నిలదీశారు. మా ఆయన్ని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఆయన చేత రక్తం ఇప్పించడానికి నాకు రెండేళ్ళు పట్టింది!

పెద్దయ్యాక సోకితే నూటికి 90 మందికి పైగా ఆరు నెలల్లో బయటపడతారు. కాన్పులో సోకిన పసిబిడ్డల్లో నూటికి 90 మందికి అది ఉండిపోతుంది. అంటే నాలాంటి చాలామందికి ఇది పసితనంలోనే వచ్చి ఉంటుంది. ఈ సంగతి తెలుసుకుని ఇంట్లో చెబితే, "అయితే మీ అమ్మే అంటించిందన్నమాట" అన్నారు. నేరం నా మీంచి అమ్మ మీదికి పోయింది, అంతే. మిరప కోతల్లో జ్వరమొస్తే, ఉడికీ ఉడకని ఒకే సూదితో పదిమందికి పొడిచిన రోజుల మనిషి మా అమ్మ. ఆ సూదిని అడిగేవారేరీ?

1997 నాటికి అన్ని దేశాలూ ఈ టీకాని పిల్లలకి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1992లోనే చెప్పింది. ఆ 1997లోనే మన హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ టీకాని చవకగా తెచ్చింది. ప్రభుత్వం 2002లో కొన్నిచోట్ల మొదలుపెట్టి, దేశమంతటా ఇవ్వడానికి 2011 దాకా ఆగింది. ఆ మధ్య పుట్టిన బిడ్డలకి జవాబు చెప్పాల్సింది తల్లులా?

2018 నుంచి జాతీయ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. మంచిదే. కానీ ఫలితం ముందు ఆ స్త్రీకే, చాటుగా చెబుతున్నారా? భర్తకీ పరీక్ష చేస్తున్నారా? బిడ్డ పుట్టిన 24 గంటల్లో టీకా పడుతోందా? సంఘాల్లో పనిచేసే మిత్రులు తమ మండలంలో కాన్పుల వార్డుకి వెళ్ళి అడగాలి. అడిగి, రాసుకోవాలి.

మా పాపకి ఆ టీకా పుట్టిన రోజునే పడింది, అదీ మా తమ్ముడు గుంటూరు వెళ్ళి కొనుక్కొస్తే. పదో తరగతికి వచ్చాక పరీక్ష చేయించాను. లేదని వచ్చింది. ఆ కాగితం ముందు దాని చేతికే ఇప్పించాను.