ఫార్మసీ కాలేజీల్లో లెక్కలు చెప్పేవాళ్ళ ప్రణాళిక

మేము ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ఫార్మసీ కాలేజీల్లో బి.ఫార్మసీ మొదటి సెమిస్టర్ పిల్లలకు రెమిడియల్ మ్యాథ్స్ చెప్పేవాళ్ళం. మాలో ఎక్కువమంది ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివినవాళ్ళం. కొందరం పక్క ఇంజినీరింగ్ కాలేజీ నుంచి వారానికి రెండు పీరియడ్ల కోసం వచ్చిపోతాం. కొందరం గంటల లెక్కన జీతం తీసుకుంటాం. ఒక కాలేజీలో ఈ సబ్జెక్టు చెప్పేది చాలాచోట్ల ఒక్కరే. సందేహం వస్తే అడగడానికీ, క్లాసు సాగని రోజున చెప్పుకోవడానికీ పక్క కుర్చీలో ఇంకో లెక్కల మాస్టారు ఉండరు. ఆ ఒంటరితనం పోవాలనే ఈ ప్రణాళిక రాసుకున్నాం.

మా క్లాసుకు వచ్చేది బైపీసీ పిల్లలు. పదో తరగతి పరీక్ష రాసి లెక్కల పుస్తకం మూసేసినవాళ్ళు, రెండేళ్ళూ బోటనీ, జువాలజీలే లోకంగా చదివినవాళ్ళు. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2014 నాటి బి.ఫార్మసీ నిబంధనల్లో ఈ లోటును గుర్తించింది. ఎంపీసీ నుంచి వచ్చినవాళ్ళకు జీవశాస్త్రం, బైపీసీ నుంచి వచ్చినవాళ్ళకు లెక్కలు చెప్పమంది. మంచి ఆలోచన. అయితే ఇచ్చింది వారానికి రెండు గంటలు, సెమిస్టర్ మొత్తానికి 30 గంటలు. ఆ 30 గంటల సిలబస్ పాక్షిక భిన్నాలతో మొదలై సంవర్గమానాలు, అవధులు, మాత్రికలు, అవకలనం, సమాకలనం మీదుగా లాప్లాస్ పరివర్తన దాకా పోతుంది. మా పిల్లల్లో చాలామంది ఇబ్బంది మామూలు భిన్నాల దగ్గరే ఉంది.

ఆ ఇబ్బంది ఎలాంటిదో ఒక్క లెక్క చూస్తే తెలుస్తుంది. పిల్లలకు మందు మోతాదు కట్టడానికి యంగ్ సూత్రం అని ఒకటి పాఠంలో ఉంది. వయసును, వయసుకు 12 కలిపిన మొత్తంతో భాగించి, పెద్దల మోతాదుతో గుణించాలి. ఇప్పుడు వైద్యులు ఎక్కువగా బరువును బట్టే మోతాదు నిర్ణయిస్తారు గానీ, భిన్నాలు నేర్పడానికి ఈ సూత్రం బంగారం లాంటిది. పెద్దల మోతాదు 500 మిల్లీగ్రాములనుకుందాం. మూడేళ్ళ బిడ్డకు 3/(3+12), అంటే 3/15, అంటే ఐదో వంతు. 100 మిల్లీగ్రాములు. కొన్ని నోటు పుస్తకాల్లో మాత్రం పైన ఉన్న 3 మీదా, కింద ఉన్న 3 మీదా గీతలు పడతాయి. మిగిలేది 1/12. జవాబు దాదాపు 42 మిల్లీగ్రాములు.

ఆ గీత కొట్టిన పిల్ల అశ్రద్ధగా చేయలేదు. పైనా కిందా ఒకే అంకె ఉంటే కొట్టెయ్యాలని చిన్న తరగతుల్లో ఎవరో చెప్పారు. గుణకారంలో ఉన్నప్పుడే కొట్టెయ్యాలన్న సగం ఆమె దాకా చేరలేదు. ఎర్ర సిరాతో ఇంటూ పెట్టి పుస్తకం వెనక్కిస్తే ఆ సగం ఎప్పటికీ చేరదు. అదే పద్ధతిలో పన్నెండేళ్ళ పిల్లాడికి మోతాదు కట్టమనాలి. 12/(12+12)లో ఆమె మళ్ళీ పైనా కిందా కొట్టేస్తుంది. మళ్ళీ 1/12 వస్తుంది. ఎనిమిదేళ్ళ పిల్లకు కట్టమంటే అప్పుడూ అంతే. "సార్, వయసు ఎంతైనా ఒకటే వస్తోందేంటి?" అని ఆమే అడుగుతుంది. ఆ ప్రశ్న ఆమె నోటి నుంచే రావాలి. వచ్చాక కూడికకూ గుణకారానికీ తేడా చెప్పడానికి పది నిమిషాలు చాలు. రాకముందు గంట చెప్పినా ఎక్కదు.

మేము గట్టిగా నమ్మే మొదటి మాట ఇదే. పిల్లలు చేసే ప్రతి తప్పు వెనకా వాళ్ళదైన ఒక తర్కం ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకోవడం ఒక విద్య. లాప్లాస్ పరివర్తనలో ఆరితేరినంత మాత్రాన అది అబ్బదు. ఏళ్ళ తరబడి నోటు పుస్తకాలు దిద్దుతూ, పిల్లల పక్కన కూర్చుని అడుగుతూ సంపాదించుకోవాలి. ఈ విద్యకు మా కాలేజీల్లో ఇప్పుడు విలువ లేదు. ఎవరికి పీరియడ్ ఖాళీగా ఉంటే వాళ్ళ చేత చెప్పించే సబ్జెక్టుగా దీన్ని చూస్తున్నారు. అలా చూడొద్దని మేనేజ్‌మెంట్లకు చెబుతున్నాం. నిజానికి కాలేజీలో అనుభవం పండినవాళ్ళకే ఈ క్లాసు ఇవ్వాలి.

రెండో మాట మాకు మేము పెట్టుకున్న కట్టుబాటు. "ఇది కూడా రాదా?" అన్న మాట మా క్లాసుల్లో వినపడదు. మొదటి వారం ఏ పిల్లను పలకరించినా "లెక్కలు రావనే బైపీసీ తీసుకున్నాను సార్" అంటుంది. ఆ మాట చెప్పేటప్పుడు తల దించుకుంటుంది. వెనకబడినందుకు ఎవరూ సిగ్గుపడనక్కర్లేని గదిని తయారు చేయడం మా పనిలో భాగం. దశాంశ బిందువు ఎక్కడ పెట్టాలో అడగడానికి సిగ్గుపడిన పిల్ల, రేపు మందుల షాపులోనో ఆసుపత్రిలోనో అడగడానికీ సిగ్గుపడుతుంది. అక్కడ బిందువు ఒక స్థానం జరిగితే మోతాదు పదింతలవుతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళకు మొదటి నెలంతా తెలుగులోనే వివరిస్తాం, బోర్డు మీద ఇంగ్లీషులో రాస్తాం. దీనికి ఎవరి అనుమతీ అడగం.

ఇక సిలబస్. ఫార్మసీ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఈ సబ్జెక్టు పరీక్షను కాలేజీ స్థాయిలోనే పెట్టుకోవచ్చు. ఆ వెసులుబాటును వాడుకుని మొదటి ఎనిమిది గంటలు భిన్నాలు, నిష్పత్తులు, శాతాలు, ఘాతాలు, యూనిట్ల మార్పిడి చెబుతాం. అవి లేకుండా పాక్షిక భిన్నాలు చెప్పడం వృథా అని ఈ క్లాసు చెప్పిన ఎవరినడిగినా చెబుతారు. తర్వాతి అధ్యాయాలను కుదించాల్సి వస్తే కుదిస్తాం. ఏది కుదించాం, ఎందుకు కుదించాం అన్నది కాగితం మీద రాసి ప్రిన్సిపాల్‌కు ఇస్తాం. దొంగచాటుగా వదిలేసి "సిలబస్ పూర్తయింది" అని రిజిస్టర్‌లో రాసే పద్ధతికి స్వస్తి. 30 గంటలను 45 చేయమని కౌన్సిల్‌ను అడుగుతాం.

చివరి విడత కౌన్సెలింగ్‌లో సీటు వచ్చినవాళ్ళ సంగతి వేరే చెప్పాలి. బైపీసీ కౌన్సెలింగ్ ఆలస్యమైన సంవత్సరాల్లో వాళ్ళు వచ్చేసరికి సగం సెమిస్టర్ నడిచిపోయి ఉంటుంది. సరిగ్గా వాళ్ళకు కావలసిన పాఠాలే అప్పటికి అయిపోయి ఉంటాయి. వాళ్ళకు ఆ ఎనిమిది గంటలూ మళ్ళీ చెప్పాలి. చెప్పిన గంటలకు కాలేజీ డబ్బివ్వాలి.

మాకు ఫార్మసీ అధ్యాపకుల తోడు కావాలి. మేము సంవర్గమానాలను సూత్రాలుగా చెప్పి వదిలేస్తాం, వాళ్ళు నాలుగో సెమిస్టర్‌లో మందుల నిలకడ పాఠం చెబుతూ 0.693ను రేటు స్థిరాంకం k తో భాగిస్తే అర్ధజీవిత కాలం వస్తుందంటారు. పిల్లలు బట్టీ పడతారు. 2.303ను, 2కు సంవర్గమానమైన 0.3010తో గుణిస్తే వచ్చేదే ఆ 0.693 అనీ, మందు సగానికి తగ్గడం గురించి మాట్లాడుతున్నాం కాబట్టే అక్కడ 2 వచ్చిందనీ ఎవరూ చెప్పరు. మేము చెప్పలేదు, ఎందుకంటే అది వాళ్ళ పాఠం. వాళ్ళు చెప్పలేదు, ఎందుకంటే సంవర్గమానాలు మా పాఠం. ఆరో సెమిస్టర్ ఫార్మకోకైనెటిక్స్ దాకా పిల్లలు ఆ సంఖ్యను మంత్రంలా మోసుకుపోతారు.

కాబట్టి సెమిస్టర్‌కు కనీసం మూడు క్లాసులు ఇద్దరం కలిసి చెప్పాలి. ఫార్మాస్యూటిక్స్ ల్యాబ్‌లో మేము నిలబడాలి, మా క్లాసులో వాళ్ళు కూర్చోవాలి. ఏం చేయవచ్చో ఒక ఉదాహరణ. 50 శాతం డెక్స్‌ట్రోజ్, 5 శాతం డెక్స్‌ట్రోజ్ ఉన్నాయి. 10 శాతం ద్రావణం 450 మిల్లీలీటర్లు కావాలి. ఎలిగేషన్ పద్ధతిలో అడ్డంగా తీసివేస్తే 5, 40 వస్తాయి, అంటే 1:8. మొదటిది 50 మిల్లీలీటర్లు, రెండోది 400. పిల్లలు ఇక్కడితో ఆపేస్తారు. ఆపనివ్వకూడదు. మొదటి దాంట్లో డెక్స్‌ట్రోజ్ 25 గ్రాములు, రెండో దాంట్లో 20, కలిపి 45. 450లో 45 అంటే 10 శాతం. సరిపోయింది. వచ్చిన జవాబును ఇంకో దారిలో సరిచూసుకునే అలవాటు ఈ క్లాసులో పడితే, లాప్లాస్ మిగిలిపోయినా మేము బాధపడం.

అమెరికాలోని కమ్యూనిటీ కాలేజీల్లో డెవలప్‌మెంటల్ మ్యాథ్స్ పేరుతో ఇదే పని దశాబ్దాలుగా జరుగుతోంది. అక్కడి రెండేళ్ళ కాలేజీల లెక్కల అధ్యాపకులు 1974లోనే ఏఎంఏటీవైసీ అనే సంఘం పెట్టుకున్నారు. క్రెడిట్లు రాని పాత లెక్కల కోర్సులు ఒకదాని తర్వాత ఒకటి చదవలేక మధ్యలో మానేసేవాళ్ళు ఎక్కువవడంతో, పలు రాష్ట్రాలు విద్యార్థిని అసలు కోర్సులోనే చేర్చుకుని పక్కన అదనపు గంటలు ఇచ్చే పద్ధతికి మళ్ళాయి. కాలిఫోర్నియా అందుకు 2017లో చట్టమే తెచ్చింది. ఇక్కడి పరిస్థితి వేరు. అయినా రెండు సంగతులు మనకు పనికొస్తాయి. అధ్యాపకులు సంఘంగా ఏర్పడాలి, అవసరం పడిన పాఠం పక్కనే పునాది చెప్పాలి.

మేనేజ్‌మెంట్లను అడిగేవి ఇవి. వంద మందిని ఒక్క హాల్లో కూర్చోబెట్టి ఈ సబ్జెక్టు చెప్పించొద్దు, ముప్పై మందికి ఒక బ్యాచ్ చేయండి. గంటల లెక్కన వచ్చేవాళ్ళకు పుస్తకాలు దిద్దిన సమయానికీ జీతం కట్టండి. స్టాఫ్ రూమ్‌లో ఒక బల్ల, ఒక అల్మారా ఇవ్వండి. పిల్లలు వచ్చి అడగాలంటే మేము ఒక చోట దొరకాలి కదా. పాస్ శాతం తగ్గిందని సంజాయిషీ అడిగే ముందు, ఆ పిల్లలు మొదటి రోజు ఏ స్థాయిలో ఉన్నారో మేము పెట్టిన పరీక్ష కాగితాలు చూడండి.

మాలో మేము చేసుకున్న ఏర్పాటు చిన్నది. ప్రతి నెలా రెండో శనివారం జిల్లాకొక చోట కలుస్తాం. వచ్చేవాళ్ళు ఉపన్యాసాలు తేనక్కర్లేదు. పిల్లల పేర్లు కొట్టేసిన జవాబు పత్రాలు రెండు తేవాలి, వాటిలో తమకు అర్థం కాని తప్పు ఒకటి ఉండాలి. దాన్ని అందరం కలిసి చూస్తాం. పిల్ల ఏమనుకుని అలా చేసిందో, ఏ ప్రశ్న అడిగితే తనే పట్టుకుంటుందో రాసుకుంటాం. అలా పోగైన తప్పుల పుస్తకాన్ని ఏడాది చివర అచ్చు వేయించి, ఈ సబ్జెక్టు కొత్తగా చెప్పబోయే ప్రతి టీచరుకూ ఉచితంగా ఇస్తాం. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి సెమిస్టర్ అంతా ఒక సీనియర్ ఫోన్‌లో అందుబాటులో ఉంటారు. పాలిటెక్నిక్‌లలో, డిగ్రీ కాలేజీల్లో ఇలాంటి క్లాసులే చెప్పేవాళ్ళు కూడా రావచ్చు. జవాబు పత్రాలు మాత్రం మర్చిపోవద్దు.