వేసవిలో బీపీ మాత్ర: డాక్టర్‌ను అడగాల్సిన ఒక ప్రశ్న

వానలు మొహం చాటేసిన ఏడాది చెరువు తూము బిగించి, ఉన్న నీటిని పొదుపుగా వదులుతాడు నీరుగంటి. తక్కువ వానతో నెట్టుకొచ్చే అనంతపురం జిల్లాలో ఈ జాగ్రత్త ఎవరికీ కొత్త కాదు. మన ఒంట్లోనూ అలాంటి నీరుగంటి ఒకటుంది. అదే యాంజియోటెన్సిన్-2 అనే హార్మోన్.

ఎండకు చెమటలు కారిపోయినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా ఒంట్లో నీరు తగ్గుతుంది. వెంటనే కిడ్నీలు రెనిన్ అనే ఎంజైమును వదులుతాయి. అక్కడ మొదలైన వరుస మార్పుల చివర ఈ హార్మోన్ తయారవుతుంది. ఇది రక్తనాళాలను బిగిస్తుంది, దాహం పుట్టిస్తుంది, ఉప్పునూ నీటినీ బయటికి పోనివ్వదు. అలా బీపీ పడిపోకుండా కాపాడుతుంది.

గుండె కండరం మీదా దీని ప్రభావం ఉంటుంది. కణం పనిచేస్తున్నకొద్దీ లోపల ఆమ్లం పోగవుతుంది. ఆమ్లం ఎక్కువైతే ‘ముడుచుకో’ అని కాల్షియం ఇచ్చే ఆదేశం కండరానికి సరిగా అందదు. పట్టు సడలుతుంది. దీన్ని సరిచేయడానికి కణం పొరలో ఒక ద్వారం ఉంది. ఆమ్లానికి మూలమైన హైడ్రోజన్ అయాన్‌ను అది బయటికి నెట్టి, బదులుగా సోడియంను లోపలికి తీసుకుంటుంది. యాంజియోటెన్సిన్ ఈ ద్వారాన్ని చురుగ్గా పనిచేయిస్తుందని జంతువుల గుండె కండరంపై జరిపిన ప్రయోగాల్లో తేలింది. అర్జెంటీనాలోని లా ప్లాటాలో హొరాసియో సింగొలాని బృందం దీనిపై ఏళ్ల తరబడి పరిశోధించింది. ఆమ్లం తగ్గి, సోడియం వెంట కాల్షియం పెరిగితే గుండె మరింత బలంగా ముడుచుకుంటుంది. కణంలోని ఆమ్లాన్ని అదుపు చేసేది ఇలాంటి ఏర్పాట్లే తప్ప సీసాల్లో అమ్మే ఆల్కలైన్ నీళ్లు కావు.

ఆపద వేళ ఇదంతా మేలే. కానీ కరువు లేకున్నా తూము ఏళ్ల తరబడి బిగించే ఉంటే? బీపీ పెరుగుతుంది. గుండె గోడలు మందమై, బిగుసుకుపోయి, చివరికి గుండె బలహీనపడుతుంది. అందుకే డాక్టర్లు ఈ హార్మోన్‌కు కళ్లెం వేసే మాత్రలు ఇస్తారు. ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటివి దాని తయారీని తగ్గిస్తాయి. లోసార్టన్, టెల్మిసార్టన్ వంటివి అది పనిచేయకుండా అడ్డుకుంటాయి. ఎన్నో గుండెలను కాపాడుతున్న మందులివి.

అసలు చిక్కు వేసవిలో వస్తుంది. ఈ మాత్రలు వేసుకునేవారికి విరేచనాలు పట్టుకుంటే, అవసరమైన వేళ నీరుగంటి చేతులు కట్టేసినట్టే. బీపీ బాగా పడిపోవచ్చు, కిడ్నీలు దెబ్బతినవచ్చు. మూత్రం ఎక్కువగా పోయేందుకు ఇచ్చే మాత్ర కూడా వాడుతూ, ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొనుక్కుని మింగితే ముప్పు మరింత పెరుగుతుంది.

అలాగని ఎండలు ముదిరాయని మాత్రలు సొంతంగా మానేయకూడదు. అదుపు తప్పిన బీపీ పక్షవాతానికి దారితీస్తుంది. వాంతులు, విరేచనాలు, లేచి నిలబడితే కళ్లు తిరగడం, మూత్రం బాగా తగ్గడం కనిపిస్తే అదే రోజు డాక్టర్‌తో మాట్లాడి మాత్రల సంగతి తేల్చుకోవాలి. గుండె వైఫల్యం ఉన్నవారు ఎన్ని నీళ్లు తాగాలో కూడా అడిగి తెలుసుకోవాలి.

ఈ మాట ముందుగా చెప్పాల్సింది మందు రాసే డాక్టర్లే. ‘నీరు తగ్గితే ఏం చేయాలి’ అన్నది ప్రతి బీపీ చీటీ మీద తెలుగులో ఒక్క వాక్యంగా రాసినా చాలు. వారు రాయకపోతే ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు మీరే అడగండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్ల తరఫునా అడిగి రండి.