రబ్బరుకు లొంగని రేఖ

తెలుగు పలుకుబడిలో గీత అనగా హద్దు. గీత దాటవద్దంటారు పెద్దలు. లక్ష్మణరేఖ కథ ఎరుగని ఇల్లు లేదు. ఆ అలవాటు చేతనే కాబోలు, బడిలో బొమ్మ వేసే పిల్లవానికి కూడ గీత ఒక కంచెగానే పరిచయమవుతున్నది. అచ్చు పుస్తకంలో ఆవు రూపం ముందే గీసి ఉంటుంది. రంగు బయటికి పోకుండ నింపితే మార్కులు. స్వయంగా గీయవలసిననాడు స్కేలు, రబ్బరు చేతికి వస్తవి. గీత వంకర పోయిందా, చెరిపివేయడమే.

వృక్షశాస్త్రపు రికార్డులో ఈ క్రమశిక్షణ అవసరమే. ఆకు ఈనెలు ఎటు సాగినవో తెలియజేయడమే అక్కడి పని. గీత సన్నగా, సమంగా ఉండాలి. కాని ఆ కొలతనే చిత్రలేఖనానికి పెట్టడం అన్యాయం. చిత్రకారుని గీత వస్తువు ఎక్కడ ముగిసినదో చెప్పి ఊరుకోదు; దానిని చూచిన మనసు ఎక్కడ ఆగినదో, ఎక్కడ పరుగెత్తినదో కూడ చెబుతుంది. చిత్రంలో ఆచార్యులు మెచ్చేది రేఖనని, రంగుల సంపదకు మురిసేవారు ఇతర జనులని విష్ణుధర్మోత్తరంలోని చిత్రసూత్రం నిర్మొగమాటంగా విభజించింది. (ఆ శాస్త్రకారుడు స్త్రీలకు నగల సొగసును మాత్రమే మిగిల్చినాడు, ఆ మాటను నేటివారు ఒప్పుకోనక్కరలేదు.)

రేఖకు ఆ గౌరవం ఎందుకో తేటపడాలంటే శ్రీకాళహస్తి కలంకారీ పనివారి చేతిని కొంతసేపు చూడాలి. వారి కలం కొన చెక్కిన వెదురుపుల్ల. కొనకు కొంచెం పైన ఉన్ని లేక గుడ్డ చుట్టి దారంతో కట్టి ఉంటుంది. ఆ చుట్టను కసిమిలో ముంచుతారు. ఇనుపముక్కలు, బెల్లం నీటిలో వేసి రోజుల తరబడి పులియబెట్టినదే కసిమి. వస్త్రం అంతకు పూర్వమే కరక్కాయ, పాలు కలిపిన నీటిలో తడిసి ఆరి ఉంటుంది. పాలలోని కొవ్వు సిరాను పాకనివ్వదు. కరక్కాయ వగరు ఇనుముతో కలిసి నలుపు తేలుస్తుంది. వేళ్లు చుట్టను నొక్కితే గీత లావెక్కుతుంది, సడలితే సన్నగిల్లుతుంది. ముందుగా చింతబరికెల బొగ్గుతో వేసుకొన్న ఆనవాలును దులిపి దిద్దుకోవచ్చు. కసిమి పడిన తరువాత దిద్దుబాటు లేదు. ఎన్ని నీళ్లలో జాడించినా ఆ నలుపు పోదు. నిర్ణయమంతా కలం ఆనకముందే జరిగిపోవాలి. రాముని విల్లు వంపు ఒక్క ఊపున దిగుతుంది. సీత కంటికొస దగ్గర అదే చేయి ఊపిరి బిగబట్టినట్లు నెమ్మదిస్తుంది.

నేటి మచిలీపట్నం కలంకారీలో పేరులో తప్ప కలం అంతగా కనిపించదు. అక్కడి గీత టేకు దిమ్మెపై ఉలితో చెక్కినది. లతలు, పూలు మరల మరల అచ్చుపడుతవి. ఒక అచ్చు పక్క అచ్చుతో అతుకు తెలియకుండ కలియాలి. ఆ గీత కథ చెప్పదు, తాళం వేస్తుంది. దానిని తక్కువ చేయరాదు.

లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీద 16వ శతాబ్దపు చిత్రాలున్నవి. వాటిలో బట్టల కొసలు బాకుల వలె కోసుగా నిలిచి ఉంటవి. ఏ పట్టుచీరా అట్లా నిలవదు. గీత తెలిసి ఆడిన ఆ అబద్ధం లేకపోతే ఆ మనుషుల నిలుపులో అంత ఠీవి ఉండేది కాదు. బాపు (1933–2014) గీత మరొక తీరు: ఒకచోట లావు, ఒకచోట వెంట్రుకవాసి, మధ్యలో తెగిపోవడం కూడ కద్దు. తెగినచోటును చూపరి కన్నే పూరించుకొంటుంది. రబ్బరు పట్టిన పంతులు ఆ ఖాళీని తప్పుగా దిద్దడా?

నేడు బజారులో కలంకారీ పేరిట యంత్రముద్రలు విరివిగా అమ్ముడవుతున్నవి. రంగులో తేడా పట్టడం కష్టం, గీతలో పట్టవచ్చు. అచ్చులో రెండు నెమళ్లున్నా ఒక్కటే నెమలి. చేతిపనిలో రెండవదాని మెడ దగ్గర కలం క్షణం ఎక్కువ ఆగి ఉంటుంది. అక్కడ నలుపు చిక్కబడుతుంది. ఈ తేడా చూడగల కన్ను కొనేవానికి లేకపోతే, వారాల తరబడి కూర్చొని గీసేవానికి కూలి గిట్టదు. ఆ కన్ను తయారుకావలసినది బడిలోనే. అందుకు పెద్ద ఖర్చు కూడ లేదు. ఒక పూట రబ్బరును పెట్టెలో దాచి, తలా ఒక వెదురుపుల్ల, కాస్త సిరా ఇచ్చి, వాకిట్లో తిరిగే కోడిని గీయమంటే చాలు. కోడి కోడివలె రాకపోవచ్చు. ముప్పది మంది పిల్లలు గీస్తే ముప్పది కోళ్లు వస్తవి.